సర్కారు రాసుకున్న పిల్లలు

"గట్టిగా కట్టవే. పోయినేడు వదులుగా కట్టావ్, గాలికి ఊడిపోయుంటది. ఊడిపోతే మాత మాత్రం ఏం చేస్తది పాపం!" అంది శౌరమ్మ.

గుణదల కొండ మీద తిరునాళ్ల జనం. గుహ పక్కన చెట్టుకొమ్మకి వేలాడే గుడ్డ ఉయ్యాలల మధ్య తన ఉయ్యాలకి చోటు వెతుక్కుని, అమలమ్మ పళ్లు బిగబట్టి ముడి బిగించింది. గుడ్డ అత్త పాత కోకది. పెళ్లయినప్పటినించీ ప్రతి ఫిబ్రవరికీ శౌరమ్మ ఒక కోక చించుతుంది, కోడలి చేత కట్టిస్తుంది, కోడలి తల మీద చెయ్యి పెట్టి మాతకి మొర పెట్టుకుంటుంది. చుట్టూ ఉన్న ఆడవాళ్లు ఒకసారి అమలమ్మ మొహం చూస్తారు, ఒకసారి కడుపు చూస్తారు.

అమలమ్మ మాతకేసి చూసి లోలోపల అంది: 'నీకు తెలుసుగదా తల్లీ, నేను గొడ్రాల్ని కానని. ఈ గుడ్డ నీ ముందు కడుతున్న అబద్ధం. కట్టేది నేనైనా అబద్ధం నాది కాదు. అదిగో, మెట్ల మీద నిలబడి వేయించిన శెనక్కాయలు తింటున్నాడే, ఆయనది.'

మెట్ల మీద అంతోని శెనక్కాయ పొట్టు ఊదుకుంటూ దిక్కులు చూస్తున్నాడు. అమలమ్మకి మొగుడి మీద కోపం అక్కడ పుట్టలేదు గాని, ఏడాదికోసారి అక్కడ మాత్రం తప్పకుండా చిగురు వేస్తుంది.

అమలమ్మది మైలవరం దగ్గర మెట్ట పల్లె. చెరువు నిండితే పంట, లేకపోతే వలస. బందరు కాలవ లాకు మీద పనిచేసే పిల్లాడని సంబంధం వచ్చినప్పుడు తల్లి తెరేసమ్మ మరోమాట అడక్కుండా ఒప్పుకుంది. "నీళ్లున్న ఊరు, సర్కారు ఉద్యోగం. ఇంకేం కావాలే నీకు?" అంది. కాపరానికొచ్చాక గాని ఆ సర్కారు ఉద్యోగం ఎలాంటిదో అమలమ్మకి తెలియలేదు.

అంతోని లాకు లస్కరు. తలుపులు తీయడం, వేయడం, పడవల్ని దాటించడం, గట్టు తెగకుండా కాపలా కాయడం, అన్నీ అతని పనే. కాని పేరు మస్టరులో, అంటే రోజుకూలీల పట్టీలో ఉంటుంది, పర్మినెంటు కాదు. కాలవలో నీళ్లున్నన్నాళ్లూ ఆ పేరు పిలుస్తారు. ఎండాకాలం కాలవ కట్టేయగానే పేరు కొట్టేస్తారు. మళ్లీ తొలకరికి నీళ్లు వదిలేముందు, ఎన్నడూ మొహం చూడని వాణ్ణి కొత్తగా చేర్చుకున్నట్టు చేర్చుకుంటారు. అలా ఏటేటా మధ్యలో తెంపుతుంటే ఎన్నేళ్లు చేసినా సర్వీసు అతకదు. ఆ కిటుకు కనిపెట్టినవాడెవడో గాని, చేతికి నెత్తురంటకుండా పీకలు కోయడం నేర్చినవాడు.

అంతోని తండ్రి ఏసుపాదం కూడా అదే లాకు మీద మస్టరు మనిషి. కాలవ కట్టేసిన నెలలో లాకు తలుపులకి తారు పూస్తూ కాలుజారి కింద రాళ్ల మీద పడి చనిపోయాడు. ఆఫీసు వాళ్లొచ్చి చూసి, మస్టరులో పేరు లేదు గనక ఈ మనిషి మావాడు కాదన్నారు. మీవాడు కాకపోతే మీ తలుపులకి తారెందుకు పూశాడని అడిగే నోరు అక్కడ ఎవరికీ లేకపోయింది. శౌరమ్మ చంకలో పాలు తాగే పిల్ల ఆ వానాకాలం దాటలేదు. దాని పక్కనే ఆకలితో కూచున్న అంతోని అది కళ్లారా చూశాడు.

అందుకని పెళ్లయిన కొత్తలోనే పెళ్లానికి చెప్పాడు: "మస్టరు మీద బతికేవాడు బిడ్డని కనగూడదు అమలా. పర్మినెంటు కానీ. ఆ మర్నాడే."

అమలమ్మ సరేనంది. నిజం చెప్పాలంటే అప్పుడు ఆమెకీ భయమే. చీకట్లో ఇద్దరూ పేర్లు కూడా అనుకున్నారు. పిల్లాడైతే ఇన్నాసి, పిల్లయితే మార్త. వచ్చే తొలకరికి లిస్టులో పేరొస్తుందన్నారు. రాలేదు. ఆ పై తొలకరికన్నారు. రాలేదు. అంతోని ఉయ్యూరు బస్టాండు దగ్గర తననెవరూ ఎరగని బడ్డీకొట్లో నిరోధ్ పొట్లాలు కొనుక్కొచ్చి చూరులో దోపేవాడు. ఆ సంగతి గుళ్లో పాపసంకీర్తనంలో చెప్పుకోవాలి. చెప్పుకుంటే ఫాదరుగారు మానమంటారు. మానమంటే మొగుడు వినడు. అందుకని అమలమ్మ సత్ప్రసాదానికి లేవడమే మానేసింది. అందరూ వరసలో వెళ్తుంటే వెనక గోడకి చేరగిలబడి తలవంచుకుని కూచునేది. "ఏ పాపం చేసిందో, అందుకే కడుపు పండలా" అని ముందు వరసల్లో చెవులు కొరుక్కునేవాళ్లు. అంతోని మాత్రం దర్జాగా లేచి వెళ్లి నాలిక చాపేవాడు.

వాళ్లుండేది లాకు పక్కన గట్టు మీద తాటాకు పాకలో. ఎదురుగా లాకు గోడ. ఆ గోడ మీద ఎవరో కుటుంబ నియంత్రణ ఎర్ర త్రికోణం వేసి, దాని పక్కన నవ్వుతున్న నాలుగు మొహాలు గీశారు. అమ్మ, నాన్న, ఇద్దరు పిల్లలు. పొద్దున లేచి తడిక తీస్తే ముందు కనపడేది ఆ నవ్వులే. అమలమ్మ పేడ తెచ్చి సరిగ్గా ఆ పిల్లల మొహాల మీదే పిడకలు కొట్టేది. ఎండి రాలిపోతే మళ్లీ కొట్టేది.

ఆ ఏడు ఎమర్జెన్సీ. కాలవ కట్టేశారు. అంతోని పేరు కొట్టేశారు. రోహిణీ ఎండకి కాలవ అడుగు పెచ్చులు పెచ్చులుగా పగిలి, చెలమ తవ్వుకుంటే గాని కుండ నిండని రోజుల్లో, సూపర్వైజరు రామకోటేశ్వరరావు స్కూటరు మీద గట్టెక్కి వచ్చాడు.

"ఏరా అంతోనీ! అదృష్టం నీ గుమ్మంలోకి స్కూటరేసుకుని వచ్చిందిరా."

అంతోని మంచం వాల్చి తుండుగుడ్డతో దులిపాడు. అమలమ్మ కొబ్బరిబోండాం కొట్టి ఇచ్చింది. తమ ఇంటి మజ్జిగ ఆయన తాగడని ఆమెకి తెలుసు. బోండానికైతే అంటు ఉండదు. ఇచ్చి, పాకలోకి పోయి కత్తిపీట ముందు కూచుంది. తడిక ఇవతల మాట తడిక అవతలికి వినపడకుండా పోదు.

"పర్మినెంటు లిస్టు తయారైందిరా. నీ పేరు ఎక్కించే పూచీ నాది. నువ్వు చేయాల్సిందల్లా చిన్న ఆపరేషను. బెజవాడలో క్యాంపు పెట్టారు. పొద్దున లారీ ఎక్కితే మధ్యాన్నానికి ఇంట్లో ఉంటావ్. పైపెచ్చు నెయ్యి డబ్బా ఇస్తారు."

"నాకు పిల్లల్లేరండి బాబూ."

"నాకు తెలీదంట్రా? ఇద్దరన్నా ఉంటేగాని చెయ్యరు, అది రూలు. ఉన్నారని రాస్తే ఉన్నట్టే. ఎవడొచ్చి చూస్తాడు? నీళ్లు వదిలేలోపల అయిపోవాలి. చేయించుకోనివాడి పేరు ఈసారి మస్టరులో కూడా ఎక్కదు, ముందే చెప్తున్నా. ఊఁ, పేర్లు చెప్పు."

కాలవలో ఎక్కడో గేదె అరిచింది.

"పేర్లురా! ఏదో ఒకటి చెప్పు."

"ఇన్నాసండి."

కత్తిపీట మీద అమలమ్మ చెయ్యి ఆగిపోయింది.

"ఎన్నేళ్లు?"

"ఆరండి."

"రెండోవాడు?"

"ఆడపిల్లండి. మార్త. నాలుగో ఏడు నడుస్తందండి."

తడుముకోలేదు. కల్పించుకున్నట్టు లేదు. కాపరానికొచ్చిన ఏడాదే కడుపు పండి ఉంటే ఇన్నాసికి ఇప్పుడు ఆరేళ్లే. ఆ లెక్క తనొక్కతే గుండెల్లో మోస్తున్నాననుకుంది అమలమ్మ. ఈయనా మోస్తున్నాడన్నమాట. మోస్తూనే ఆ ఇద్దర్నీ తీసుకుపోయి స్కూటరు మీద కూచోబెట్టి సాగనంపుతున్నాడన్నమాట. ఆమెకి ఏడుపు రావాల్సింది. రాలేదు. అరికాలినించి మంట లేచింది.

తడిక తోసుకుని బయటికొచ్చింది. "బాబుగారండీ, ఒక్కమాట. తమరు చేయించుకున్నారాండీ?"

రామకోటేశ్వరరావు బోండాం కింద పెట్టాడు. ఎవరో ఒకరు అడగాలని ఎదురుచూస్తున్నవాడిలా ఆయన మొహం వాడిపోయింది.

"నా బాధ నీకేం తెలుసమ్మా! మాకు ఇద్దరూ ఆడపిల్లలే. మా ఇంటావిడ ఛాయాదేవి మగపిల్లాడు కావాలని పట్టుబట్టి కూచుంది. ఆఫీసులోనేమో నువ్వన్నా చేయించుకో, నీ కిందవాళ్లనన్నా తీసుకురా, లేదంటే జీతం ఆపేస్తామంటున్నారు. ఆపేశారు కూడా. ఏం చెయ్యమంటావ్ నన్ను?"

"అంటే మీకు కొడుకు పుట్టాలని మా ఆయన్ని..."

"అమలా! లోపలికెళ్లు," అన్నాడు అంతోని.

స్కూటరు గట్టు దిగి దుమ్ములో కలిసింది. పాక వెనక నీడలో నడుం వాల్చిన శౌరమ్మ లేచి కూచుంది. తాటాకు విసనకర్రతో ఈగల్ని తోలుకుంటూ అడిగింది.

"ఇన్నాసెవర్రా అంతోనీ?"

"ఎవరూ లేరమ్మా. కాయితం కోసం."

"ఆరేళ్లన్నావ్?"

"చెప్పవయ్యా మీ అమ్మకి," అంది అమలమ్మ. "చూరులో ఏం దోపుతున్నావో చెప్పు. గొడ్రాలెవరో చెప్పు. ఇవ్వాళైనా నీ నోటితో చెప్పు."

అంతోని చెప్పాడు. నేలకేసి చూస్తూ, ముక్కలు ముక్కలుగా చెప్పాడు. శౌరమ్మ వింటూ విసనకర్ర ఆపింది. అంతా విని ఆ విసనకర్ర కొడుకు మొహానికేసి విసిరింది.

"ఏడాదికో కోక చించానురా మాతకి! నా ఒంటి మీది కోకలన్నీ ఆ చెట్టుకే వేలాడుతున్నయ్. ఈ పిల్లని నేననని మాట లేదు. దీని తల్లినెత్తి తిట్టాను. అన్నం కంచం ముందు తిట్టాను. పక్కనే కూచుని అన్నం కలుపుకుంటా విన్నావంట్రా నువ్వు?"

"నాన్న సంగతి మర్చిపోయావా అమ్మా?"

"మర్చిపోలేదురా! మీ నాన్న మస్టరు మీదే నిన్ను కన్నాడు. కన్నాడు గనకే నువ్వు ఇవ్వాళ కనననడానికి మిగిలావ్."

అంతోని లేచి లాకు దగ్గరికి పోయి, ఎండి నిలబడ్డ తలుపుల్ని చూస్తూ కూచున్నాడు. అమలమ్మ వెంటే వెళ్లింది.

"పోతావా రేపు?"

"పోకపోతే మస్టరు కూడా ఉండదన్నాడుగా. పర్మినెంటైతే ఇంక నన్నెవడూ కొట్టెయ్యలేడే. రేపు నాకేమన్నా అయినా నీకు పింఛనొస్తది."

"ఆ పింఛనుతో ఎవర్ని సాకమంటావ్?"

"నువ్వున్నావుగా."

"నేను మెట్టదాన్ని. నా చేతులు నాకున్నయ్. ఉద్యోగమొస్తే పిల్లలన్నావ్, సరేనన్నాను. ఇప్పుడు పిల్లల్నిస్తే ఉద్యోగమంటున్నావ్. ఇది ఏ సంతలో బేరమయ్యా? ఆవుని కట్టడానికి గుంజ కొనబోయి, గుంజకి ఆవునే ఇచ్చొస్తావా?"

"నోర్ముయ్యి."

"ఇన్నాళ్లూ మూసుకున్నాను. గుళ్లో కూడా మూసుకున్నాను."

పొద్దున అమలమ్మ చెలమ నీళ్లు తెచ్చుకుని గట్టెక్కేసరికి లారీ వచ్చి ఉంది. కాలవ పనులకి రాళ్లు తోలే లారీ. ఇప్పుడందులో మనుషులు చతికిలబడి ఉన్నారు. అంతోని పెళ్లినాటి తెల్లచొక్కా తొడుక్కుని, తల దువ్వుకుని, అందరికంటే వెనగ్గా ఎక్కి కూచున్నాడు. శౌరమ్మ పాకలోంచి బయటికి రాలేదు.

అమలమ్మ పాకకేసి వెళ్లలేదు. తిన్నగా వెళ్లి లారీ ముందు చక్రం దగ్గర కుండ దించి, పక్కనే కూచుంది.

డ్రైవరు హారను కొట్టాడు. ముందు సీటులోంచి రామకోటేశ్వరరావు దిగాడు.

"ఏందమ్మా ఇది? అడ్డు లే."

"లేస్తానండి. మా పిల్లలిద్దర్నీ చూపించి తీసుకెళ్లండి ఆయన్ని."

"ఏ పిల్లలు?"

"అదేంటండీ, తమరేగా రాసుకున్నారు. ఇన్నాసి, మార్త. నిన్న సాయంత్రంనించీ వెతుకుతున్నాను. వాడు ఆరేళ్లోడు, రాత్రి ఎక్కడ పడుకున్నాడో ఏం తిన్నాడో. పిల్లకి తల దువ్వాలి, పేలు పట్టినయ్యేమో. ఏ సంచీలో పెట్టుకుపోయారో తీసి ఇయ్యండి బాబూ. ఇచ్చి, మీ ఇష్టమొచ్చినట్టు కోసుకోండి."

లారీలో వాళ్లు పగలబడి నవ్వారు. పళ్లూడిన బసవయ్య తాత కూడా నవ్వి, "నన్నూ అట్టాగే ఎక్కించారమ్మాయ్. ఈ వయసులో నాకింక పుట్టేదేముంది? నెయ్యి డబ్బా అన్నారు, ఎక్కాను," అన్నాడు. ఇంకా కొందరు నవ్వారు. కాని అమలమ్మ నవ్వలేదు. ఆమె మొహం చూసి నవ్వు ఒక్కొక్కరి దగ్గరే ఆగిపోయింది.

"ఒసే, వేషాలెయ్యకు! ఎమర్జెన్సీ, తెలుసా? పోలీసుల్ని పిలవమంటావా?"

"పిలవండి. పుణ్యముంటది. ఇద్దరు పిల్లలు కనపట్టంలేదని నేనే చెప్తాను. కాయితం మీద పేర్లున్నయ్, వయసులున్నయ్. వాళ్లయినా వెతికి పెడతారు."

రామకోటేశ్వరరావు అటూ ఇటూ చూశాడు. ఊళ్లోంచి ఒకరిద్దరు గట్టెక్కి వస్తున్నారు. "దిగరా, దిగి నీ పెళ్లాన్ని లాగెయ్," అని అరిచాడు అంతోని మీద.

అమలమ్మ లేచింది. మొగుడికేసి తిరిగింది. అరవలేదు.

"నువ్వు చెప్పవయ్యా. మార్తకి ఏం కూరంటే ఇష్టం?"

అంతోని నోరు తెరిచాడు. ఆ తెరుచుకోవడం చూసిందామె. జవాబు ఉంది వాడి దగ్గర. వెధవ, అది కూడా ఆలోచించి పెట్టుకున్నాడు! నోట్లోనే ఉంది, పెదాల దాకా వచ్చింది, బయటికి మాత్రం రాలేదు. అతను తెల్లచొక్కా చేతుల్తో మొహం తుడుచుకుని, లారీ వెనక పలక పట్టుకుని కిందికి జారాడు.

"నాకు పిల్లల్లేరండి. ఆ రాసింది కొట్టెయ్యండి."

"కొట్టెయ్యాల్సింది వాళ్లని కాదురా, నిన్ను!" అన్నాడు రామకోటేశ్వరరావు. లారీ అతన్నొదిలేసి పోయింది. కుండ మాత్రం చక్రం కింద నలిగింది. చెలమ నీళ్లు దుమ్ములో ఇంకిపోయాయి.

అన్నమాట ప్రకారం కొట్టేశారు. తొలకరికి నీళ్లు వదిలిన రోజున మస్టరు పిలిచారు. అంతోని పేరు పిలవలేదు. ఆపరేషను చేయించుకొచ్చిన రత్తయ్య వచ్చి లాకు తలుపులు తీశాడు. ఏ దూలం ఎంత తొయ్యాలో తెలియక తలుపు సగంలో బిగుసుకుపోతే, గట్టు మీద నిలబడ్డ అంతోనికి కాళ్లాగలేదు. దిగబోయాడు. అమలమ్మ చొక్కా పట్టుకుని ఆపింది.

"నీ పేరు మస్టరులో లేదు. మీ నాన్నదీ ఆ రోజు లేదు."

అంతే, ఆగాడు.

వారం తిరక్కుండా పాక ఖాళీ చేయమన్నారు. గట్టు దిగువన ఒకరి దొడ్డి మూల పాకకి నిట్టాళ్లు పాతుకున్నారు. అంతోని బెజవాడ గూడ్సుషెడ్డులో బస్తాలు మోసే పనికి పోయి ఆదివారాలు వచ్చేవాడు. అమలమ్మ నాట్లకి పోయింది. కొత్త పాకకి తాటాకు నేస్తున్న రోజునే చెప్పింది: "ఈ చూరులో ఏదన్నా దోపావంటే పాక తగలబెడతాను." అతను దోపలేదు. అసలు ఆ వానాకాలమంతా వాళ్లిద్దరూ మాట్లాడుకున్నది తక్కువ. అమలమ్మ కోపం తగ్గలేదు. ఎవరి మీదో కూడా సరిగ్గా తెలియకుండా, పొయ్యిలో నిప్పులా ఇంట్లోనే ఉండిపోయింది. మొగుడి మీద కొంత, ఆఫీసు మీద కొంత, ఇన్నేళ్లు సరేనన్న తన మీద ఎక్కువ. ఆమె ఫాదరుగారి దగ్గరికి వెళ్లి పాపసంకీర్తనం చేసింది. ఆ ఆదివారం సత్ప్రసాదానికి అందరికంటే ముందు లేచింది.

మళ్లీ గుణదల తిరునాళ్లు వచ్చాయి. ఈసారి శౌరమ్మ చేతిలో గుడ్డ లేదు. ఉన్నది ఒంటి మీద కోకొక్కటే. కొబ్బరికాయ పట్టుకుని మనవడో మనవరాలో ముందు నడుస్తున్నట్టు జనాన్ని పక్కకి నెడుతూ మెట్లెక్కుతోంది. అమలమ్మ కడుపు మీద చెయ్యి వేసుకుని మెల్లగా ఎక్కుతోంది. పక్క ఊరి దానమ్మ ఎదురై నోరు నొక్కుకుంది.

"ఇదేం చోద్యమే అమలమ్మా! ఉద్యోగమున్నన్నాళ్లూ కనలేదు, ఊడింతర్వాత కడుపేంటే? ఏం పెట్టి పెంచుతావే?"

"అప్పుడు భయపడి కనలేదు పిన్నీ. ఇప్పుడు కోపమొచ్చి కంటున్నాను."

దానమ్మకి అర్థం కాలేదు. అర్థం చేసుకోమని అమలమ్మ బతిమాలనూ లేదు.

గుహ ముందు కొవ్వొత్తులు వెలిగించి మెట్ల పక్క రాతి మీద కూచున్నారు. బస్తాలు మోసి మోసి అంతోని మెడ వెనక కాయ కాసింది. అది రుద్దుకుంటూ నెమ్మదిగా అన్నాడు.

"సరిగ్గా కాలవ కట్టేసే నెలలో పుడతదే."

"పుట్టనీ. కాలవనడిగి పుట్టాలా?"

ఆమె మొహం చూడకుండా, "మగపిల్లాడైతే ఇన్నాసనే..." అన్నాడు.

"ఆ పేరెత్తకు." అమలమ్మ గొంతు అంత మందిలోనూ చురుక్కుమని తగిలింది. "ఆ పిల్లాడూ ఆ పిల్లా సర్కారు రాసుకున్న పిల్లలు. నువ్వు నీ నోటితో రాయించావ్. కొట్టేశారో, అట్టాగే ఉంచుకుని ఏ లెక్కలో చూపించుకున్నారో వాళ్ల ఇష్టం. నా బిడ్డకి వాళ్ల ఎంగిలి పేరు పెట్టను. ఇంకోటి వెతుకు."

అంతోని తలూపాడు. కొండ కింద రైలు కూసింది. శౌరమ్మ మెట్ల మీదనించి "ఏమే, శెనక్కాయలు కొననా, కడుపుతో ఉన్నదానివి," అని అరుస్తోంది. అతను లేచి కొనడానికి దిగుతూ, నాలుగు మెట్లు దిగి ఆగి, వెనక్కి తిరిగి ఏదో పేరన్నాడు.

జనం గోలలో అమలమ్మకి వినపడలేదు. "ఇంకా వెతుకు," అంది.